రియల్ ఎస్టేట్ ఏజెంటుకు ఏ సాఫ్ట్‌వేర్? ఒక పాత డీల్‌తో పరీక్ష

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట టీ కొట్టు దగ్గర ఒక పూట నిలబడితే చాలు, ఈ వ్యాపారంలో గొడవలు ఎక్కడ పుడతాయో తెలిసిపోతుంది. లోపల వేలిముద్రలు, ఫొటోలు అయిపోయి ఉంటాయి. కొన్నవాళ్లు స్వీట్లు పంచుతుంటారు. బయట మాత్రం ముగ్గురు ఏజెంట్లు ఇంకా లెక్క తేల్చుకోలేక నిలబడి ఉంటారు. పార్టీని తెచ్చింది ఒకరు, ప్లాటు చూపించింది ఇంకొకరు, ఓనరు నంబరు ఇచ్చింది మూడో ఆయన. పర్సెంటు అనుకున్నది అసలు రేటు మీదా, ప్రభుత్వ విలువ మీదా? ఎవరికెంత? "ఆ రోజు ఫోన్లో అనుకున్నాం కదన్నా" అనే మాట తప్ప ఎవరి దగ్గరా కాగితం ముక్క ఉండదు.

సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు మాత్రం ఈ టీ కొట్టు ఎవరికీ గుర్తురాదు. లీడ్లు (కొనాలని అడిగేవాళ్ల వివరాలు) ఎన్ని వస్తాయి, వాట్సాప్ ఆటోమేటిక్‌గా వెళ్తుందా, అంతవరకే అడుగుతారు. అమ్మేవాళ్లూ అదే చూపిస్తారు. ఫేస్‌బుక్ యాడ్ నుంచి ఒక పేరు వచ్చి తెర మీద పడుతుంది, క్షణంలో మెసేజ్ వెళ్తుంది, పక్కన రంగురంగుల గ్రాఫు. టోకెన్ (బేరం ఖాయం చేసే తొలి అడ్వాన్సు) పడ్డాక ఏం చేస్తుందో చూపించమంటే డెమో ఇచ్చే కుర్రాడు ఒక్క క్షణం ఆగి, "అది కస్టమైజ్ చేసి ఇస్తాం సార్" అంటాడు. ఏజెంటు డబ్బు ఎక్కువగా జారిపోయేది టోకెన్‌కీ రిజిస్ట్రేషన్‌కీ మధ్యనే.

నిజానికి ఇవి రెండు వేర్వేరు పనులు. అడిగినవాళ్లను గుర్తుపెట్టుకుని మళ్లీ మళ్లీ ఫోన్ చేయడం ఒకటి. దానికి వాడేదాన్ని సీఆర్ఎం అంటున్నారు. కుదిరిన బేరాన్ని కాగితాలు, తేదీలు, డబ్బుతో సహా చివరిదాకా నడిపించడం రెండోది. ఇక్కడ దొరికే సరుకులో మొదటి రకమే ఎక్కువ. రెండో పని డైరీలోనో, ఏజెంటు బుర్రలోనో, వాట్సాప్ గ్రూపులోనో నడుస్తుంది.

ఇంటర్నెట్లో వెతికితే వచ్చే "టాప్ టెన్" జాబితాలు ఈ విషయంలో పెద్దగా అక్కరకు రావు. అవి చాలావరకు అమెరికా ఏజెంట్ల కోసం రాసినవి. అక్కడ డాట్‌లూప్, స్కైస్లోప్ లాంటివి రెండో పని కోసమే పుట్టాయి, బాగానే నడుస్తున్నాయి. డాలస్ చుట్టుపక్కల ఇళ్లు అమ్మే మన తెలుగు ఏజెంట్లకు అవి నిజంగా ఉపయోగపడతాయి. ఎందుకంటే టెక్సాస్‌లో ఒప్పంద పత్రాలు రాష్ట్ర కమిషన్ ఖరారు చేసిన ఫారాలు. ఆప్షన్ పీరియడ్ ఎన్ని రోజులో, క్లోజింగ్ ఎప్పుడో అందులోనే రాసి ఉంటుంది. అడ్వాన్సు టైటిల్ కంపెనీ దగ్గర ఉంటుంది. అమ్మకానికి ఉన్న ఇళ్లు చాలావరకు ఎమ్మెల్ఎస్ అనే ఉమ్మడి జాబితాలోకి ఎక్కుతాయి. మన దగ్గర ఉమ్మడి జాబితా లేదు, టోకెన్ నేరుగా ఓనరు చేతికి వెళ్తుంది, అగ్రిమెంటు మాటలు డాక్యుమెంట్ రైటర్ అలవాటును బట్టి మారతాయి. అక్కడి సాఫ్ట్‌వేర్ తెచ్చి ఇక్కడ పెడితే సగం గడులు ఖాళీగా ఉంటాయి, కావలసిన గడులు ఉండవు.

కాబట్టి డెమో అడిగేటప్పుడు వాళ్ల నమూనా డేటా చూడటం మానేసి, పోయినేడాది పూర్తిచేసిన డీల్స్‌లో అన్నిటికన్నా చిక్కుపడినదాన్ని ఎక్కించి చూపించమనాలి. ఒక ఉదాహరణ తీసుకుందాం. కొంపల్లిలో 200 గజాల ప్లాటు, తూర్పు ఫేసింగ్, గజం 45 వేలు, మొత్తం 90 లక్షలు. ఓనరు అమెరికాలో ఉన్నాడు, ఇక్కడ తండ్రికి జీపీఏ (తన తరఫున సంతకం చేసే అధికార పత్రం) ఇస్తానన్నాడు. కొనేవాళ్లు బ్యాంకు లోను పెడుతున్నారు. మధ్యలో ఇద్దరు ఏజెంట్లు. హైదరాబాద్‌లో రోజూ జరిగే బేరమే ఇది.

మొదటి గడిలోనే చాలా సాఫ్ట్‌వేర్లు తడబడతాయి. విస్తీర్ణం చదరపు అడుగుల్లో అడుగుతాయి. ఏజెంటు 200ను తొమ్మిదితో గుణించి 1,800 అని ఎక్కించాలి, పార్టీకి చెప్పేటప్పుడు మళ్లీ గజాల్లోకి మార్చాలి. పొలం డీల్ అయితే ఇంకా కష్టం. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. ఆంధ్రకు వెళ్తే సెంట్ల లెక్క, సెంటుకు 48.4 గజాలు. నెల్లూరు వైపు అంకణాల్లో మాట్లాడతారు, అంకణం కొలత కూడా ఊరిని బట్టి మారుతుంది. పార్టీ ఏ కొలతలో అడిగితే ఆ కొలతలో చూపించలేని సాఫ్ట్‌వేర్‌ను కొన్నాళ్లకు ఎవరూ తెరవరు. ధర సంగతీ అంతే. 90,00,000 అని కాకుండా 9,000,000 అని విదేశీ పద్ధతిలో చూపిస్తే ఒక సున్నా ఎక్కువ పడినా కంటికి ఆనదు.

తర్వాత ఓనరు. అతను ఎన్నారై అన్న ఒక్క టిక్కు మీద ఈ డీల్ నడక అంతా మారిపోతుంది. ఇక్కడే ఉండే ఓనరు 50 లక్షలు, ఆపైన అమ్మితే కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కడతారు. ఈ ప్లాటుకు అది 90 వేలు. ఓనరు ఎన్నారై అయితే ఆ ఒక శాతం లెక్కా లేదు, 50 లక్షల పరిమితీ లేదు. కోత చాలా ఎక్కువ, ఆడిటర్‌ను కూర్చోబెట్టుకుని తేల్చుకోవాల్సిన విషయం. ఈ మాట రిజిస్ట్రేషన్‌కు వారం ముందు బయటపడితే బేరం అక్కడే ఆగిపోతుంది. ఓనరు "నాకు చేతికి 90 రావాలి" అంటాడు, కొనేవాళ్లు "మాకెవరూ చెప్పలేదు" అంటారు. ఇద్దరూ తిట్టేది ఏజెంటునే.

జీపీఏకూ గడువుంది. విదేశంలో రాయించిన పవరాఫ్ అటార్నీ ఇక్కడికి చేరాక మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టి చెల్లుబాటు చేయించుకోవాలి. కొరియర్‌లో వచ్చిన కాగితాన్ని తండ్రి బీరువాలో పెట్టి మర్చిపోతే ఆ తేదీ దాటిపోతుంది. ఓనరు ఎన్నారై అని టిక్ చేయగానే జీపీఏ అందిన తేదీ అడిగి, ఇంకో పది రోజుల్లో గడువు అయిపోతుందని ఫోన్‌లో మోగించగలిగితే, ఆ సాఫ్ట్‌వేర్ ఏడాది ఖర్చు ఒక్క డీల్‌లో తిరిగి వచ్చినట్టే. ఇది అద్భుతమైన టెక్నాలజీ ఏమీ కాదు, ఒక షరతు, ఒక తేదీ, ఒక అలారం. అయినా డెమోలో దీన్ని చేసి చూపించగలిగేవాళ్లు అరుదు.

ఈసీ (ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీలు చూపే పత్రం) సంగతి ఇంకాస్త సున్నితం. టోకెన్ ఇచ్చే రోజు తీసిన ఈసీ చూసి అందరూ నిశ్చింతగా ఉంటారు. అగ్రిమెంటుకు 45 రోజులో 60 రోజులో గడువు పెట్టుకుంటారు, లోను ఆలస్యమై అది 80 రోజులకు పాకుతుంది. ఈలోపు ఆ ప్లాటు మీద ఇంకో లావాదేవీ రిజిస్టర్ కాలేదని పాత ఈసీ చెప్పదు. అందుకే "ఈసీ ఉంది" అని టిక్ కొట్టే గడి చాలదు, తీసిన తేదీ ఉండాలి, రిజిస్ట్రేషన్ స్లాట్ బుక్ చేసే ముందు మళ్లీ తీయమని గుర్తుచేయాలి. లింక్ డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), లేఔట్ అనుమతి, ఎల్ఆర్ఎస్ (లేఔట్ క్రమబద్ధీకరణ) కట్టిన రసీదు, పన్ను రసీదులు కూడా ఫలానా డీల్ కింద ఒకే చోట ఉండాలి. బ్యాంకు లాయరు ఫోన్ చేసి 1998 నాటి దస్తావేజు అడిగితే, 400 మెసేజ్‌ల వాట్సాప్ గ్రూపులో పైకి జరుపుకుంటూ వెతకడం ఎంత టెన్షనో చేసినవాళ్లకే తెలుసు. పైగా ఫోన్ మార్చినప్పుడు ఆ ఫైలు "డౌన్‌లోడ్ కాలేదు" అని వస్తే ఇక దేవుడే దిక్కు.

టోకెన్ ఎంట్రీలో ఎంత, ఎవరి చేతికి, ఎలా ఇచ్చారు అన్నది విడివిడిగా రాయగలగాలి. స్థిరాస్తి అడ్వాన్సు 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. యూపీఐ నంబరో చెక్కు నంబరో రాసి ఉంటే రేపు బేరం తప్పినప్పుడు ఎంత వెనక్కి రావాలన్న గొడవ సగం తగ్గుతుంది. తప్పిన బేరాలకు చోటుందో లేదో కూడా చూడాలి. చాలా సీఆర్ఎంలలో డీల్ గెలిచిందీ పోయిందీ అన్న రెండే స్థితులు ఉంటాయి. టోకెన్ పడి, మూడు నెలలు ఆగి, ధర మారి, అదే పార్టీ మళ్లీ కొన్న డీల్‌ను ఎక్కడ పెట్టాలో వాటికి తెలియదు.

ఇక కమీషన్. ఏజెంట్లు ఇక్కడా బాగా నష్టపోతారు, అయినా సాఫ్ట్‌వేర్‌ను దీని కోసం పరీక్షించేవాళ్లు తక్కువ. రీసేల్‌లో చెరో వైపు ఒక శాతం అనుకుంటే లెక్క తేలికే. బిల్డర్ ప్రాజెక్టులో చూడండి. 80 లక్షల ఫ్లాటు, రెండు శాతం కమీషన్, అంటే 1,60,000. ఏజెంటుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే 18 శాతం కలిపి 1,88,800కు బిల్లు వేయాలి. బిల్డర్ కంపెనీ కమీషన్ మీద రెండు శాతం టీడీఎస్, 3,200 కోసుకుని 1,85,600 వేస్తుంది. అందులో 28,800 ఏజెంటుది కాదు, జీఎస్టీ కట్టాల్సిన డబ్బు. మిగిలేది 1,56,800. పార్టీని తెచ్చిన ఇంకో ఏజెంటుకు సగం అనుకుని ఉంటే, ఆ సగం కోతకు ముందు లెక్కన 80,000లా, కోత పోగా 78,400లా? మూడు వేల రెండొందల కోత ఎవరి వాటాలోంచి పోవాలి? స్నేహాలు చెడేది ఇలాంటి చిన్న తేడాల దగ్గరే. ఆపైన బిల్డర్ ఈ మొత్తాన్ని ఒకేసారి ఇవ్వడు. పార్టీ ఇంత శాతం కట్టాక కొంత, అగ్రిమెంటు అయ్యాక మిగతాది. ఎవరి నుంచి ఏ విడత ఎన్నాళ్లుగా రావాలో ఒక్క తెర మీద చూపించని సాఫ్ట్‌వేర్ ఏజెంటు వ్యాపారానికి పనికొస్తుందని చెప్పడం కష్టం. ట్యాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ దగ్గరున్నవాళ్లు ఆ లెక్క అందులో రాస్తారు సరే, కానీ ట్యాలీకి ఆ డబ్బు ఏ ఫ్లాటుదో, ఏ పార్టీదో అంతగా పట్టదు. డీల్ నంబరు రెండు చోట్లా ఒకటే ఉండేలా చూసుకోవాలి.

బిల్డర్లతో పనిచేసేవాళ్లకు ఇంకో తలనొప్పి లీడ్ ట్యాగింగ్. సైట్ విజిట్‌కు ముందే పార్టీ పేరు, నంబరు బిల్డర్ సిస్టంలో ఎక్కించాలి. ఎవరు ముందు ఎక్కిస్తే, బిల్డర్ పెట్టిన గడువులోపు కమీషన్ వాళ్లదే. 99ఎకర్స్, మ్యాజిక్‌బ్రిక్స్ లాంటి ఆస్తి ప్రకటనల సైట్లలో అడిగిన మనిషికి ఒకేసారి నలుగురైదుగురు ఏజెంట్లు ఫోన్ చేస్తారు కాబట్టి అదే పార్టీని ఇంకొకరు గంట ముందు ట్యాగ్ చేసి ఉండవచ్చు. భార్య నంబరుతో ఒకరు, భర్త నంబరుతో ఇంకొకరు ట్యాగ్ చేసిన గొడవలూ ఉన్నాయి. ట్యాగ్ చేసిన తేదీ, టైము, బిల్డర్ పంపిన నిర్ధారణ స్క్రీన్‌షాట్, గడువు ముగిసే రోజు, ఇవి పార్టీ రికార్డులోనే ఉండాలి. గడువు అయిపోబోతోందని ముందు రోజే గుర్తుచేయాలి. నెలకు పదిహేను వందల లీడ్లు పోగేసే ఫీచరు కన్నా ఈ ఒక్కటి ఎక్కువ డబ్బు మిగులుస్తుంది.

రికార్డులు పెట్టుకోవడం ఏజెంటు ఇష్టానికి వదిలేసిన సంగతి కూడా కాదు. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం రిజిస్టర్డ్ ప్రాజెక్టుల్లో అమ్మే ఏజెంటు రెరాలో నమోదై ఉండాలి, లెక్కల పుస్తకాలు, రికార్డులు, డాక్యుమెంట్లు భద్రపరచాలి, తాను కుదిర్చిన ప్రతి అమ్మకంలో తన నమోదు నంబరు రాయాలి. రిజిస్ట్రేషన్ అవసరమైన ప్రాజెక్టు దానికి నోచుకోకపోతే అందులో అమ్మకానికి దిగకూడదు. ఉల్లంఘిస్తే రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆస్తి ధరలో ఐదు శాతం దాకా జరిమానా పడవచ్చు. ప్రీలాంచ్ ఆఫర్ల జోరులో దీన్ని పట్టించుకోనివాళ్లు ఎక్కువే. కాబట్టి ప్రాజెక్టు ఎంట్రీలో రెరా నంబరు ఖాళీగా ఉంటే బ్రోచర్ షేర్ కాకుండా ఆపే ఏర్పాటు ఉందా అని అడగడం తప్పు కాదు. ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు ఉత్సాహంలో 300 మందికి పంపేశాక వెనక్కి తీసుకోవడం కుదరదు.

ఇదంతా విని ఒక్కడే తిరిగే ఏజెంటు బెదిరిపోనక్కర్లేదు. నెలకు ఒకటో రెండో డీల్స్ చేసేవాళ్లకు ఉచితంగా దొరికే వాట్సాప్ బిజినెస్, ఒక గూగుల్ షీట్, ఫోన్ క్యాలెండర్ సరిపోతాయి. వాట్సాప్‌లో లేబుళ్లు పెట్టుకుని "టోకెన్ పడింది", "లోను స్టేజీ" అని విడదీసుకోవచ్చు. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందే పడతారని, అది కూడా ఏజెంటు నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుందని తెలిసి వాడాలి. షీట్‌లో ఒక్కో డీల్‌కు ఒక వరుస, పైన చెప్పిన తేదీలకు ఒక్కో నిలువు గడి. ప్రతి ఆదివారం ఉదయం అరగంట కూర్చుని దాన్ని సరిచేయలేనివాళ్లకు డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ కూడా ఏమీ చేయలేదు.

నలుగురైదుగురు కలిసి ఆఫీసు నడిపేటప్పుడు పరిస్థితి మారుతుంది. షీట్‌లో ఎవరు ఏం చెరిపారో తెలియదు, ఒకే పార్టీకి ఇద్దరు ఫోన్ చేస్తారు. అక్కడ జోహో వాళ్ల బిగిన్ లాంటి చిన్న సీఆర్ఎం తీసుకుని, దశల పేర్లు మన పద్ధతిలోకి మార్చుకోవడం మంచి దారి. సెల్.డూ లాంటివి రియల్ ఎస్టేట్ కోసమే చేసినవి. కానీ వాటి బలం బిల్డర్ల అమ్మకాల టీములకు కావలసిన పనుల్లో ఉంది, రీసేల్ మీద బతికే ఏజెంటుకు అందులో సగం అక్కర్లేదు. ధర పోల్చేటప్పుడు వెబ్‌సైటులో కనిపించే అంకె చూసి మోసపోవద్దు. అది ఒక మనిషికి, ఒక నెలకు. మనుషుల సంఖ్యతో, 12 నెలలతో గుణించి, జీఎస్టీ కలిపి, కనీసం ఇంతమందికి తీసుకోవాలనే షరతు ఉందేమో చూడాలి. వాట్సాప్ ఏపీఐ (సాఫ్ట్‌వేర్ నుంచి నేరుగా పంపే మార్గం) ద్వారా పంపే ప్రచార మెసేజ్‌లకు విడిగా మెసేజ్‌కింత పడుతుంది. టెలికాలర్లను పెట్టుకుంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు కూడా మీద పడతాయి. మామూలు పదంకెల నంబరు నుంచి ప్రచార కాల్స్ చేయకూడదు, డీఎల్‌టీ అనే టెలికాం వేదికలో నమోదు ఉండాలి. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు ఇది తమ బాధ్యతో ఏజెంటు బాధ్యతో రాసిస్తారా అని అడగాలి. చాలామంది అప్పుడు మాట మారుస్తారు.

ఫోన్‌లో వాడకం ఎలా ఉందన్నది డెమో గదిలో తెలియదు. మధ్యాహ్నం ఎండలో సైట్ దగ్గర నిలబడి, ఒక చేత్తో పార్టీకి గొడుగు పట్టి, ఇంకో చేత్తో కొత్త ఎంట్రీ చేసి చూడాలి. పన్నెండు తప్పనిసరి గడులు నింపితే గానీ సేవ్ కాదంటే ఆ యాప్ పదిహేను రోజుల్లో మూలపడుతుంది. పేరు, నంబరు, ఏం అడిగారు, మళ్లీ ఎప్పుడు ఫోన్ చేయాలి, ఈ నాలుగూ చాలు, మిగతావి ఆఫీసుకొచ్చాక. పేరును బట్టి కాకుండా నంబరును బట్టి పాత పార్టీని గుర్తుపట్టాలి. వెంకటేశ్వరరావు గారిని ముగ్గురు స్టాఫ్ మూడు స్పెల్లింగులతో ఎక్కిస్తారు. అమెరికా, గల్ఫ్ నంబర్లను ముందున్న దేశం కోడ్‌తో సహా తీసుకోవాలి.

పార్టీల ఆధార్, పాన్ కాపీలు ఏజెంట్ల ఫోన్లలో గుట్టలుగా పడి ఉంటాయి. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. ఇకపై "అందరూ ఇలాగే చేస్తారు" అన్నది సమాధానం కాదు. ఏజెంటు ఫైలుకు చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుంది. ఏ ఉద్యోగికి ఏ కాగితం కనపడాలో విడదీసే వీలుండాలి, డీల్ అయిపోయాక అక్కర్లేని కాపీలు తీసేసే వీలుండాలి. మానేసి వెళ్లే ఉద్యోగి ఓనర్ల నంబర్లన్నీ పట్టుకుపోతాడన్న భయం ఎటూ అందరికీ ఉంది. దాని విరుగుడు సాఫ్ట్‌వేర్‌లో కన్నా ముందు సిమ్ కార్డులో ఉంది. వ్యాపార నంబరు ఆఫీసు పేరు మీద ఉండాలి, ఉద్యోగి సొంత నంబరుతో పార్టీలతో వాట్సాప్ నడవకూడదు.

సాఫ్ట్‌వేర్ చేయలేని పని ఒకటుంది. టైటిల్ మంచిదో కాదో అది చెప్పదు. ఈసీలో రిజిస్టర్ అయిన లావాదేవీలే కనిపిస్తాయి, కోర్టులో నడుస్తున్న భాగపంపకాల కేసో, నోటి మాట మీద నడిచిన అగ్రిమెంటో కనిపించవు. తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో 2025లో భూభారతి వచ్చినా, ఆంధ్రలో మీభూమి ఉన్నా, పొలం రికార్డును చెరువు ఎఫ్‌టీఎల్ హద్దుతో, అంటే చెరువు నిండితే నీరు చేరే హద్దుతో, పోల్చి చూడాల్సింది మనిషే. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక హైదరాబాద్‌లో కొనేవాళ్లు ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ గురించి ముందే అడుగుతున్నారు. చెక్‌లిస్టులో అన్ని టిక్కులూ పచ్చగా ఉన్నాయని చూపించి పార్టీకి భరోసా ఇవ్వడం ప్రమాదం. "లాయరు అభిప్రాయం" అనే గడిలో టిక్కు బదులు, ఆ లాయరు సంతకం చేసిన కాగితం అప్‌లోడ్ చేయించాలి.

కొనే ముందు ఒక పని మిగిలి ఉంటుంది, అది బయటికి వచ్చే దారి చూసుకోవడం. ట్రయల్ మొదటి రోజే నాలుగు ఎంట్రీలు తెలుగు పేర్లతో వేసి, రెండు డాక్యుమెంట్లు ఎక్కించి, మొత్తం డేటా డౌన్‌లోడ్ చేయాలి. ఎక్సెల్‌లో తెరిస్తే సుబ్బలక్ష్మి గారి పేరు స్థానంలో చదవలేని గీతలు రావచ్చు, తేదీలో నెల, రోజు తారుమారు కావచ్చు, డాక్యుమెంట్లు అసలు రాకనే పోవచ్చు. "ఫైళ్లు కావాలంటే సపోర్టుకు మెయిల్ పెట్టండి సార్" అని జవాబు వస్తే, ఆ మెయిల్ ఆ రోజే పెట్టి, ఎన్ని రోజులకు బదులొస్తుందో చూశాకే చెక్కు రాయాలి.